పగ పలికిన పియానో

కాటన్‌పేటలో దీపాలు పెట్టే వేళ దాటాక ఎవరినైనా ఆపి, సుబ్బరాయుడి గోడౌను మేడమీదికి దారెటు అని అడిగి చూడండి. అవతలివాడు నిలబడి జవాబు చెబితే ఒట్టు!

అక్కడ దుప్పట్ల బేళ్ళు మోసే హమాలీలు అల్లాటప్పా మనుషులు కారు. చంకకొక బేలు ఇరికించుకుని, నోట్లో బీడీ ఆరకుండా మెట్లెక్కే మొనగాళ్ళు. అలాంటివాళ్ళు ఏడు కొట్టేసరికి మూటను ఉన్నచోటే దించి, చెప్పులు చేతపట్టుకుని వీధి చివరిదాకా ఒకటే పరుగు. మేడ అద్దెకు తీసుకున్న టైలరొకడు మూడో సాయంత్రానికే ఖాళీ చేశాడు. కుట్టుమిషను అక్కడే ఉంది. దానికోసం కూడా తిరిగి రాలేదు.

ఇంతా చేస్తే అందరినీ తరిమింది మేడమీదున్న ఒక పాత పియానో.

నలభై ఏళ్ళు ఆ పియానో ముందు కూర్చుని పాఠాలు చెప్పిన జ్ఞానప్రకాశం మాస్టారు, రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, పాఠం మధ్యలోనే ప్రాణం వదిలాడు. పియానోను కిందికి దించాలని ఆరుగురు పట్టారు. మెట్ల మలుపులో అది తిరగలేదు. మళ్ళీ ఉన్నచోటే పెట్టి తాళం వేశారు.

ఆ తర్వాత మొదలైంది…

తాళం వేసిన గదిలో… చీకటి పడగానే… రెండు స్వరాలు.

ఒకటి పైన. ఒకటి కాస్త కింద.

కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ — అవే రెండు!

అలాంటి చోటికి తనంతట తాను వెళ్ళి కూర్చున్నవాడు హార్మోనియం రామాంజనేయులు. పెనుకొండ నుంచి ఉరవకొండ దాకా పౌరాణిక నాటకం ఆడిన ప్రతి పందిరికీ తెలిసిన పేరు. ఆయన మీటల మీద వేళ్ళు పెడితే రాజు వేషగాడు ఊపిరి తీసుకోకుండా పావుగంట రాగం లాగేవాడు. కదిరి దగ్గరొక తిరునాళ్ళలో ఒకే పద్యానికి పదహారు వన్స్‌మోర్లు పడితే, పొద్దుపొడవాల్సిన సూర్యుడు కొండ వెనకాలే ఆగి, పద్యం పూర్తయ్యాక పైకి వచ్చాడట. ఈ సంగతికి సాక్షి రామాంజనేయులొక్కడే అనుకోండి. అయినా చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చూస్తే మీరూ నమ్మేస్తారు.

నాటకాలు పోయాయి. హార్మోనియం తిత్తి చిరిగింది. ఇప్పుడాయన ఊరు వదిలొచ్చి, కాటన్‌పేట ఉన్న ఈ కన్నడ నగరంలోనే, బొమ్మనహళ్ళిలో, గార్మెంట్స్‌లో పనిచేసే కూతురు నాగలక్ష్మి ఇంట్లో ఉంటున్నాడు. అల్లుడు గణేశ్ సెక్యూరిటీ కంపెనీలో సూపర్వైజరు. ఒకరోజు నీలం చొక్కా, టోపీ తెచ్చి గోడమేకుకు తగిలించాడు.

"మామా, అపార్ట్‌మెంట్ గేటుకాడ కుర్చీ ఉంటాది, ఫ్యాను ఉంటాది. కారొస్తే లేసి సెల్యూట్ కొట్టేది, అంతే."

"సెల్యూటా! కలెక్టర్లు లేసి నాకు దండలేసినార్రా!"

"ఏసినారు మామా. దండలు వాడిపోయి శానా దినాలాయ. చొక్కా మాత్రం కొత్తది."

"నాయనా, నీకిష్టం లేకుంటే వద్దు," అంది నాగలక్ష్మి. కానీ అంటూ అంటూనే చొక్కాకి ఊడిన గుండీ కుట్టింది. అది చూసి రామాంజనేయులు ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడే పాత పరిచయస్థుడైన గోడౌను సుబ్బరాయుడి నుంచి కబురొచ్చింది. బొమ్మనహళ్ళిలో ఆయన యూనిఫారం గుడ్డ సరఫరా చేసే బడి ఒకటుంది. అక్కడ మ్యూజిక్ టీచరు కావాలట. రామాంజనేయులు మీసం దువ్వుకుని వెళ్ళాడు. ప్రిన్సిపాల్ అనిత నలభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడుతుంది.

"మాస్టారూ, మీకు పియానో వచ్చా?"

"పియానోనా తల్లీ! అది హార్మోనియానికి పెద్దన్న. తమ్ముడు నా చేతిలో ఉంటే అన్న యాడికి పోతాడు?"

"శనివారం డెమో. సి మేజర్ స్కేల్, రెండు చేతులతో. దాని కార్డ్స్ కూడా అన్నీ కావాలి."

"కార్డులకేం తల్లీ! ఆధారు ఉండాది, రేషనుది ఉండాది…"

అనిత పకపకా నవ్వింది. జోకనుకుంది. ఆయనా నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నాడో తెలియకుండానే.

బయటికొచ్చి ఆరా తీస్తే తెలిసింది. కార్డ్ అంటే ఒకేసారి మూడు మీటలు కలిపి నొక్కడమట! పైగా రెండు చేతులూ వాయించాలట! యాభై ఏళ్ళుగా ఆయన కుడిచెయ్యి వాయించేది, ఎడమచెయ్యి తిత్తి ఊదేది. ఎడమచేతికి గాలి తప్ప స్వరం తెలియదు.

శనివారం వాయిస్తే మాస్టారు. వాయించకపోతే — గోడమేకుకున్న నీలం చొక్కా.

బుధవారం సుబ్బరాయుడి దగ్గరికి పోయి మేడ తాళంచెవి అడిగాడు.

"పియానో ఉండాదప్పా," అన్నాడు సుబ్బరాయుడు మెల్లగా. "దాంతో ఇంకొకాయన కూడా ఉండాడు."

"ఉండనీ. తోడుగా ఉంటాడు."

"నవ్వులాట కాదు. పగలంతా లారీల మోత, నీకేమీ వినపడదు. పని ముగిసేది ఆరున్నరకి. ఏడుకంతా దిగొచ్చెయ్."

"దయ్యాలు నాకు కొత్తా సుబ్బరాయప్పా? ఉరవకొండ వల్లకాట్లో నేను వాయిస్తా ఉంటే పద్దెనిమిది దయ్యాలు వరసగా కూర్చోని తాళమేసినాయి!"

"ఆ పద్దెనిమిదిటినీ నువ్వు తిట్టలేదు కదా." సుబ్బరాయుడు గొంతు ఇంకా దించాడు. "ఈయన్ని తిట్టినావు."

రామాంజనేయులు మీసం మీది చెయ్యి దించాడు.

నిజమే. పదేళ్ళ కిందట సుబ్బరాయుడి కూతురి నిశ్చితార్థంలో, వందమంది ముందు జ్ఞానప్రకాశం పియానో గురించి మాట్లాడుతుంటే ఈయన అడ్డుపడి అన్నాడు — "శవపెట్టె అంత పెట్టె, పదివేళ్ళతో గీకుడు! నేను ఒక్కచేత్తో చేసేదానికి నీకు అంత సామానెందుకప్పా?" పందిరంతా గొల్లుమంది. జ్ఞానప్రకాశం మాత్రం విస్తరి ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వాళ్ళిద్దరూ కలవలేదు.

తాళంచెవి చేతిలో చల్లగా తగిలింది. అయినా తీసుకున్నాడు.

మేడమీద తలుపు తీయగానే మూసిన గది వాసన. గుడ్డితనం పట్టిన ట్యూబులైటు ఒకటి. మూలన టైలరు వదిలేసిన కుట్టుమిషను. గోడకు ఆనించిన నల్లటి పియానో, దాని ముందు గుండ్రటి స్టూలు. పియానో మీద తెరిచిపెట్టిన నోటుబుక్కు — రెండేళ్ళుగా అలాగే ఉన్నట్టుంది.

దుమ్ము ఊదాడు. పేజీలు వెనక్కి తిప్పాడు. మొదటి పేజీలో మీటల బొమ్మ. ఇంగ్లీషు అక్షరాల కింద పెన్సిలుతో, గుండ్రటి తెలుగులో — స రి గ మ ప ద ని స.

"ఓరి నీ! శంకరాభరణమా!" అనేశాడు పైకే. "ఒకటో శ్రుతి శంకరాభరణాన్ని పట్టుకోనా ఆయమ్మ మేజరూ మైనరూ అనింది!"

ధైర్యం వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కుడిచేత్తో మొదలుపెట్టాడు. మూడు వేళ్ళు స రి గ. అక్కడ బొటనవేలు మిగతావాటి కిందనుంచి దూరి మ మీదికి రావాలని రాసి ఉంది. హార్మోనియం మీద బొటనవేలిని కూర్చోబెట్టి మేపినవాడాయన. అది దూరనంటుంది. ఎడమచెయ్యి ఇంకా అన్యాయం. మీట మీద పెడితే అలవాటుకొద్దీ లేచి, పక్కన గాలిలో తిత్తి ఊదుతోంది!

పది సార్లు… ఇరవై సార్లు… చివరికి బొటనవేలు లొంగింది. స రి గ మ ప ద ని —

ఆయాసం వచ్చి, పై షడ్జం, అంటే చివరి స, నొక్కకముందే ఆగాడు.

కింద వీధిలో షట్టరు పడిన చప్పుడు. గోడగడియారం లేదు గానీ, ఎక్కడో గుడిలో గంట. ఏడు.

అప్పుడు…

పియానో పలికింది.

ఒకటి పైన. ఒకటి కింద.

రామాంజనేయులు రెండు చేతులూ తన ఒళ్ళోనే ఉన్నాయి.

వీధి జనానికి అవి ఉత్త చప్పుళ్ళు. యాభై ఏళ్ళు స్వరాలతో బతికినవాడి చెవికి అవి అక్షరాలు. ఇప్పుడే తాను వాయించిన మీటలే. ఐదోది. మూడోది.

ప… గ…

రెండూ కలిపి పైకే చదివాడు.

పగ!

ఆ రోజు ఆయన మెట్లు దిగిన వేగం గురించి తర్వాత ఎన్ని చెప్పినా, చెప్పులు మాత్రం మేడమీదే ఉండిపోయాయి.

గురువారం మళ్ళీ వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు? తెల్లవారి నిద్రలేచేసరికి నీలం చొక్కా మేకు మీద ఇస్త్రీ చేసి ఉంది.

ఆ పూట వాన. కరెంటు పోయింది. సెల్లు టార్చి నోటుబుక్కు మీదికి వాల్చి రెండో పేజీ చదివాడు. ఒక మీట నొక్కి, ఒకటి వదిలి, ఒకటి నొక్కి, ఒకటి వదిలి, ఇంకొకటి. మూడూ కలిపి. స-గ-ప.

ఎడమచేత్తో నొక్కాడు.

గదిలో ముగ్గురు మనుషులు ఒక్కసారిగా లేచి నిలబడినట్టుంది ఆ నాదం! ఆయన జన్మలో ఎన్నడూ ఒకే గుక్కలో మూడు స్వరాలు వినలేదు. భయం కూడా మర్చిపోయాడు. మ-ద-స నొక్కాడు. ప-ని-రి నొక్కాడు. ఈ మూడూ పెళ్ళివారిలా నవ్వుతున్నాయి. రి-మ-ద, గ-ప-ని, ద-స-గ — ఈ మూడూ దిగులు పడుతున్నాయి. చివరిది ని-రి-మ ఒంటికాలి మీద నిలబడలేక ఒరిగిపోతోంది. కొత్త స్వరం ఒక్కటి లేదు. అన్నీ తన శంకరాభరణంలోవే. ఒకటి వదిలి ఒకటి ఏరుకుంటే, అదే రాగం ఏడు మొహాలు పెట్టింది.

"ఒక్కచేత్తో నేనేం చేసినట్టు…" అని గొణుక్కున్నాడు.

ప… గ…

టార్చి వెలుగులో చూశాడు ఈసారి. రెండు మీటలు… వాటంతటవే… కిందికి దిగి, పైకి లేచాయి. వేలు లేదు. నీడ లేదు.

"జ్ఞానప్రకాశమప్పా…" చేతులు జోడించాడు. "తప్పయిపోయింది. ఆ పొద్దు నోరు జారినాను…"

బయట వాన.

ప… గ…

"ఆ ప్రిన్సిపాలమ్మ ఎదురుగా వాయించి రానీ. తర్వాత ఏం చేసుకుంటావో చేసుకో."

ప… గ…

శుక్రవారం ఆయన పరిగెత్తలేదు. చంపదలుచుకుంటే చంపనీ, ఏడు కార్డులూ చేతికొచ్చాకే చంపనీ — అని దవడలు బిగించి కూర్చున్నాడు. ఒక్కసారి స్కేల్. వెంటనే ప… గ… ఒక్కో కార్డు. వెంటనే ప… గ… చెమటకు వేళ్ళు జారుతున్నాయి. మెడ వెనక ఎవరో వంగి చూస్తున్నట్టుంది. తల తిప్పలేదు. సరిగ్గా ఎనిమిదింటికి, ఎవరో లేచి వెళ్ళినట్టు, ఆ పిలుపు ఆగిపోయింది. అప్పటికి ఎడమచెయ్యి తిత్తి ఊదడం మర్చిపోయింది.

శనివారం బడిలో కరెంటు కీబోర్డు ముందు కూర్చున్నాడు. అనిత ఎదురుగా పెన్నూ కాగితంతో. రెండు చేతులా స్కేలు పైకెళ్ళి కిందికొచ్చింది, ఎక్కడా తొణకలేదు. ఏడు కార్డులూ వరసగా పలికాయి. చివరగా స-గ-ప మోగించి చేతులెత్తబోయాడు.

కానీ చెయ్యి ఆగలేదు.

మూడు సాయంత్రాలుగా ప్రతి వాయింపు తర్వాతా విన్నవే. కుడిచెయ్యి దానంతటదే ఆ రెండు మీటలూ నొక్కేసింది.

అనిత చేతిలో పెన్ను కిందపడింది.

"అది… మీకెవరు నేర్పారు?"

"ఇదా తల్లీ? మద్రాసులో ఒక దొరకాడ పన్నెండేళ్ళు…" ఆమె మొహం చూసి ఆగిపోయాడు. తెల్లగా, రక్తం లేనట్టు ఉంది. జీవితంలో మొట్టమొదటిసారి ఆయనకు గొప్ప నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. "అబద్ధం తల్లీ. నాకు పియానో రాదు. ఈ మూడు దినాల్లో నేర్చుకున్నా. కాటన్‌పేటలో, సుబ్బరాయుడి మేడమీద."

"జ్ఞానప్రకాశం సార్ రూములోనా?" గుసగుసలాగా అంది. "ఆయన పోయినప్పుడు… ఎదురుగా కూర్చున్న స్టూడెంట్‌ని నేనే. సుబ్బరాయుడుగారికి తెలుసు. ఎవరికీ చెప్పొద్దని నేనే అడిగాను."

రామాంజనేయులు ముందుకు వంగాడు. "ఆయప్ప ఇంకా ఆడే ఉండాడు తల్లీ. నామీద పగతో ఉండాడు. ప… గ… అంటాడు, వేరే మాటే లేదు."

"పగ?" అనిత భృకుటి ముడిచింది. "కాదు మాస్టారూ. సార్ ఎక్కువ మాట్లాడరు. మనం మధ్యలో ఆగిపోతే 'మరి?' అని నోటితో అడగరు, వాయిస్తారు. మ… రి… ఏ స్కేల్ నేర్పుతుంటే ఆ స్కేల్‌లో."

"నా చెవి తప్పు వినదమ్మా! ఇవి ప, గ!"

"మీ షడ్జం ఎక్కడ పెట్టుకున్నారు?"

"సి మీద. ఒకటో శ్రుతి."

"ఆ రోజు నా పాఠం డి మేజర్. రెండో శ్రుతి."

రామాంజనేయులు వేలు షడ్జాన్ని ఒక మీట జరిపింది. డి మీద స. అక్కణ్నుంచి లెక్కపెట్టాడు… రి… గ… మ… అవే మీటలు. అదే శబ్దం. పైది మ. కిందిది రి.

మరి…?

వేషగాడి గొంతును బట్టి రాత్రికి నాలుగుసార్లు శ్రుతి మార్చినవాడు, శ్రుతి మారితే స్వరం పేరు మారుతుందని పసిపిల్లలకు చెప్పినవాడు — తప్పుచేసిన భయంలో ఆ ఒక్క సంగతే మర్చిపోయాడు!

"పై షడ్జం ముందు ఆగిపోయాను నేను," అంటోంది అనిత. "ఆయన అలా వాయించారు. తలెత్తి చూసేసరికి… అంతే. రెండేళ్ళుగా ఆ మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తున్నాను. ఇంకెక్కడా కూడా పియానో ముట్టుకోలేకపోయాను." కళ్ళు తుడుచుకుంది. "మీరు అబద్ధమాడారు మాస్టారూ. మామూలుగా అయితే పంపించేదాన్ని. కానీ సాయంత్రం నాతో ఆ మెట్లెక్కండి. ఆ తర్వాత మాట్లాడదాం."

ఏడింటికి ఇద్దరూ మేడమీద ఉన్నారు. అనిత స్టూలు మీద. ఆయన ఆమె వెనక నిలబడి, తలుపు వైపు ఒక కాలు పెట్టి.

మ… రి…

అనిత ఉలిక్కిపడింది. పెదవి కొరుక్కుని చేతులు మీటల మీద ఉంచింది. డి మీద మొదలైంది స్కేలు. స… రి… నల్లమీట గ… మ… ప… ద… నల్లమీట ని…

వేళ్ళు ఆగిపోయాయి. అక్కడే. రెండేళ్ళ కిందట ఆగినచోటే.

ఆమె చేతులు వెనక్కి తీయబోయింది.

మ… రి…

మీటలు కదలడం ఇద్దరూ చూశారు.

"నొక్కు తల్లీ," అన్నాడు రామాంజనేయులు ఊపిరితో.

ఆమె నొక్కింది. పై షడ్జం. దానికింద ఎడమచేత్తో స-గ-ప. మూడు స్వరాలూ లేచి, గది నిండి, నెమ్మదిగా కరిగిపోయాయి.

ఇద్దరూ ఎదురుచూశారు.

ఏమీ లేదు.

వీధిలో స్కూటరు. ఎవరో కన్నడంలో ఎవరినో పిలుస్తున్నారు. పియానో మాత్రం పలకలేదు. ఒక నిమిషం… ఐదు నిమిషాలు…

అనిత లేచింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అయిపోయింది మాస్టారూ… సార్ వెళ్ళిపోయారు." స్టూలు ఆయన వైపు జరిపింది. "కూర్చోండి. సోమవారం నుంచి బడిలో కూడా కుర్చీ మీదే."

రామాంజనేయులు ఛాతీ విచ్చుకుంది. మీసం మెలేశాడు. సింహాసనమెక్కే రాజు వేషగాడిలా పంచె సవరించుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "చూసినావా తల్లీ! దయ్యాన్ని సాగనంపడమంటే నాకు —"

మీటలు దిగాయి.

పాతవి కావు. ఆ రెండింటికీ ఒక్కో స్వరం పైనున్నవి.

ఈసారి ఆయన చెవి భయపడినా తప్పు లెక్క వేయలేదు. మూడో శ్రుతి. మ… రి…

"నేను… నేను మూడోది మొదలే పెట్టలేదు," అనిత గొంతు గాలిలా వచ్చింది. "ఎవరిని అడుగుతున్నారు మాస్టారూ?"

స్టూలు మీద కూర్చున్నది రామాంజనేయులు.